కొట్టం దగ్గర ప్రశ్నలు: ఎండాకాలం ఉత్తరాలకు జవాబులు

ప్రశ్న: నాలుగు ముర్రా గేదెలు ఉన్నాయి. రేకుల షెడ్డు. పన్నెండు దాటితే నోరు తెరిచి రొప్పుతున్నాయి. ఫాగర్లు పెట్టించాం, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాం. అయినా పూటకు లీటరున్నర పాలు పడిపోయాయి. ఎదకు వచ్చిన జాడ కూడా కనబడటం లేదు.
(గుడివాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు ఖర్చు పెట్టారు, కష్టపడ్డారు. చిక్కల్లా గోనెపట్టాల దగ్గరే ఉంది. మీది కోస్తా. గాలిలో అసలే తేమ. నాలుగు వైపులా తడిపట్టా కట్టి లోపల ఫాగరు తిప్పితే షెడ్డు ఇడ్లీ పాత్ర అవుతుంది. నీళ్లు ఆవిరైతేనే చల్లదనం. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే చల్లబడేది ఏమీ ఉండదు. రాయలసీమ పొడి ఎండలో పనిచేసిన ఏర్పాటు మీ దగ్గర పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఫాగరుతో ఇంకో తంటా ఉంది. దాని తుంపర మరీ సన్నం. వెంట్రుకల మీదే మంచులా నిలిచిపోయి చర్మాన్ని తాకదు. గేదెకు కావలసింది చర్మం దాకా దిగే తడి, ఆ వెంటనే గాలి. గేదెకు చెమట గ్రంథులు ఆవుకన్నా బాగా తక్కువ, పైగా నల్లతోలు. అందుకే అది చెరువు వెతుక్కుంటుంది. ఆ చెమట పని మనం చేసిపెట్టాలి. పడమటి పట్టా ఒక్కటి ఎండ అడ్డానికి ఉంచి మిగతావి విప్పేయండి. పెద్ద చుక్కలు పడే స్ప్రింక్లరుతోనో, లేకపోతే పైపు పట్టుకునో వీపు, పక్కలు, మెడ బాగా తడిసేలా రెండు నిమిషాలు నీళ్లు కొట్టండి. తరువాత పావుగంట ఫ్యాను. మళ్లీ తడి, మళ్లీ గాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఇలా తిప్పితే చాలు. కరెంటు లేని పూట ఫాగరుకన్నా వేపచెట్టు నీడే మేలు.

రేకు మీద అరడుగు మందాన వరిగడ్డి గానీ కొబ్బరిమట్టలు గానీ పరిచి తాళ్లతో బిగించండి. రేకు పైన తెల్లసున్నం కొట్టినా తేడా తెలుస్తుంది. సున్నంలో కాస్త జిగురు కలపకపోతే మొదటి వానకే కారిపోతుంది. కొత్తగా కట్టేవాళ్లు మాత్రం షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా, అంచు 8 అడుగులకు, నడిమి ఎత్తు 12 అడుగులకు తగ్గకుండా చూసుకోవాలి. మీ షెడ్డు ఎత్తు ఎంతో రాయలేదు గానీ, చేయెత్తితే రేకు తగిలేలా ఉంటే ఏ ఫ్యానూ ఆ వేడిని మోయలేదు.

నీళ్ల తొట్టి ఎక్కడుంది? తొట్టి ఎండలో ఉన్నా, పైపు రేకు మీదుగా వచ్చినా మధ్యాహ్నం ఆ నీళ్లు కాఫీలా ఉంటాయి. గేదె మూతి పెట్టి తీసేస్తుంది. చూసేవాళ్లు దాహం లేదనుకుంటారు. పాలిచ్చే గేదెకు ఈ రోజుల్లో 70, 80 లీటర్లు కావాలి. పైపు భూమిలో పూడ్చండి, తొట్టి నీడలోకి మార్చండి, వారానికోసారి పాచి గీకి లోపల సున్నం వేయండి. మేత సంగతికి వస్తే, ఎండుగడ్డి అరిగేటప్పుడు పొట్టలో వేడి ఎక్కువ పుడుతుంది. దాన్ని రాత్రికి మార్చి, పచ్చిమేత తెల్లవారుజామున ఐదింటికే వేయండి. రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, దానితోపాటు గుప్పెడు ఉప్పు దాణాలో కలపండి.

వేడి ఎంత తగిలిందో ఊహించొద్దు, లెక్కపెట్టండి. పక్కన నిలబడి డొక్క ఎగిరి పడటం నిమిషంపాటు చూడండి. 30 లోపు ఉంటే మామూలు. 40 దాటితే వేడి పట్టినట్టు. 70 దాటి, నాలుక బయటపెట్టి చొంగ కారుస్తుంటే ప్రాణాపాయం. థర్మామీటరు పాదరసం వైపు మలద్వారంలో పేడలో గుచ్చకుండా లోపలి గోడకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచితే 101, 102 డిగ్రీలు చూపాలి. 104 దాటితే తల మీద, మెడ మీద ఆపకుండా నీళ్లు పోస్తూ పశువైద్య సేవల నంబరు 1962కు ఫోను చేయండి. రొప్పుతున్న పశువుకు మాత్రం గొట్టంతో మజ్జిగో నిమ్మరసమో తాగించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వడదెబ్బ తగ్గినా నాలుగో రోజున న్యుమోనియాతో చచ్చిపోయే పశువుల వెనక చాలాసార్లు ఉండేది ఆ వెదురుగొట్టమే.

ఎద రాకపోవడం కాదు, కనబడకపోవడం. వేసవిలో గేదె మూగ ఎదకు వస్తుంది. అరవదు, ఎక్కదు. తెల్లవారకముందు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి లాంతరు వేసుకుని చూడండి. పడుకున్న గేదె వెనక నేల మీద జిగట తీగలు సాగి ఉంటే అదే గుర్తు.

ప్రశ్న: ఈనిన ఆరో రోజున దూడ చనిపోయింది. అప్పటి నుంచి సూది వేస్తేనే గేదె చేపుతోంది. ఊళ్లో అందరూ వేస్తున్నారు. ఆ పాలు తాగితే పిల్లలకు ప్రమాదమని ఇంట్లో గొడవ.
(మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ముందు ఇంట్లో గొడవ సంగతి. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్ అనే హార్మోను, ఒక చిన్న ప్రోటీను ముక్క లాంటిది. పాలతోపాటు కడుపులోకి పోయినా అక్కడ అరిగిపోతుంది. ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారన్న ప్రచారాన్ని పట్టుకుని ఈ సూదిని వ్యతిరేకించనక్కరలేదు. నష్టం గేదెకు. ఆ ఒక్క కారణం చాలదా?

చేపు, అంటే పొదుగులోకి పాలు దిగడం, గేదె తల లోపల మొదలవుతుంది. దూడ మూతి తగిలినా, చెంబు చప్పుడైనా, రోజూ పిండే మనిషి అడుగుల సవ్వడి విన్నా మెదడు కింది గ్రంథి ఈ హార్మోనును రక్తంలోకి వదులుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో చన్నులు నిండుతాయి. ఆ ఊపు ఐదారు నిమిషాలే. భయపడినా, నొప్పి తగిలినా, కొత్తవాళ్లు వచ్చినా ఆగిపోతుంది. ఇప్పుడు రోజూ రెండు పూటలా సూది గుచ్చితే రెండు జరుగుతాయి. మెడ మీద ఒకేచోట గడ్డలు కట్టి చీము పడుతుంది. రెండోది, చెంబు చప్పుడుకు చేపే అలవాటు పోయి, సూది చూస్తేనే చేపే అలవాటు వస్తుంది. చీటీ లేని సీసాల్లో అమ్మే మందులో ఎంత గాఢత ఉందో అమ్మినవాడికే తెలియదు. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, పాలు పెంచడానికి ఆరోగ్యం చెడేలా పశువుకు ఏ పదార్థం ఎక్కించినా వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ రెండేళ్ల దాకా జైలు గానీ, రెండూ గానీ. పశువునూ స్వాధీనం చేసుకోవచ్చు. డాక్టరు అవసరానికి వేసే సూది వేరు.

మాన్పించే పద్ధతి. ఒకే మనిషి, ఒకే చోటు, ఒకే వేళ. పది నిమిషాలు కూడా అటూ ఇటూ కాకూడదు. మిగతా వేళల్లో దాణా ఆపి, పాలు పిండేటప్పుడే ముందు పెట్టండి. గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కింద నుంచి పైకి మెత్తగా నిమిషంపాటు నిమరండి. దూడ తలతో కుమ్మినట్టు అరచేతి మడమతో రెండుమూడు సార్లు పొదుగును పైకి తోయండి. చన్ను బిగిసిందనిపించగానే మొదలుపెట్టి ఐదారు నిమిషాల్లో ముగించాలి. మొదటి రెండు ధారలు నల్లటి పళ్లెంలో పిండి, పలుకులు ఉన్నాయేమో చూడండి. మందును డాక్టరు చెప్పిన లెక్కలో రెండు మూడు రోజులకోసారి తగ్గించుకుంటూ రావాలి. మొదటి నాలుగైదు రోజులు పాలు బాగా పడిపోతాయి. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు. పాలు మిగిలిపోయిన పొదుగుకు వాపు వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజుల్లో పలుకుల పరీక్ష రెండు పూటలా తప్పనిసరి. గడ్డి కూరిన దూడతోలు తెచ్చిపెట్టమని ఎవరైనా చెబుతారు. పురుగు పట్టిన తోలును గేదె చేత నాకించడం మంచిది కాదు.

అసలు ప్రశ్న మీరు అడగలేదు. దూడ ఎందుకు పోయింది? మాయ పడేదాకా పొదుగు ముట్టకూడదని మీ వైపు ఇప్పటికీ నమ్ముతారు. ఆ నమ్మకమే దూడలను చంపుతోంది. తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి కడుపులో ఉన్న దూడకు అందదు. జున్నుపాలతోనే అందాలి. ఆ పాలలోని రక్షణను పీల్చుకునే శక్తి దూడ పేగుకు పుట్టిన తొలి గంటల్లోనే ఎక్కువ. ఒక రోజు గడిస్తే దాదాపు మూసుకుపోతుంది. మాయ పడటానికి ఆరు గంటలు పడితే, దూడకు దక్కాల్సిన ఆరు గంటలూ పోయినట్టే. పైగా దూడ కుడిస్తే చేపు కోసం వచ్చే ఆ హార్మోనే గర్భసంచిని ముడిచి మాయను బయటికి తోస్తుంది. అంటే పాలు తాగించడమే మాయకు మందు.

30 కిలోల దూడకు మొదటి గంటలో లీటరు, లీటరున్నర, రోజు మొత్తంలో మూడు లీటర్లు తగ్గకూడదు. బొడ్డును రెండంగుళాలు వదిలి కొత్త బ్లేడుతో కోసి, టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. ఇలా ముంచడం మూడు రోజులు. పదో రోజుకు ఏలికపాముల మందు. గేదెదూడల్లో ఈ పురుగు తల్లి పాల ద్వారానే వస్తుంది కాబట్టి గడ్డి తినని దూడకు పురుగులేమిటని ఊరుకోవద్దు. మందు మోతాదు దూడ బరువును బట్టి డాక్టరు చెబుతారు. ఇదంతా పెయ్యకే కాదు, దున్నదూడకూ. పాలకొట్టాల్లో దున్నదూడలు రోగంతో పోయాయంటారు గానీ, చాలావాటికి వచ్చిన రోగం ఆకలి.

ప్రశ్న: ఆవు కాలు బెణికితే మందుల షాపులో మనుషులకు ఇచ్చే డైక్లోఫెనాక్ సూది ఇచ్చారు. నొప్పి తగ్గింది. తప్పేమైనా ఉందా?
(మంచిర్యాల నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉంది. పశువులకు డైక్లోఫెనాక్ 2006 నుంచి నిషేధం. మనుషుల మందు పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో దాన్ని ఒక్క మోతాదు చిన్న సీసాలకే పరిమితం చేశారు. సూది వేసిన ఒకటి రెండు రోజుల్లో పశువు చనిపోయి, కళేబరాన్ని రాబందులు తింటే వాటి మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. 1990ల నుంచి మన దేశంలో రాబందులు 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోవడానికి ముఖ్య కారణం ఈ మందే. మీకు పక్కనే ఉన్న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట మీద గతంలో రాబందులు గూళ్లు పెట్టాయి. మీ ఊరి కళేబరం అటుగా వచ్చే రాబందుల భోజనం కావచ్చు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లు కూడా పశువులకు నిషిద్ధమయ్యాయి. నొప్పికి, జ్వరానికి మెలాక్సికామ్ అడగండి. పనిచేస్తుంది, రాబందులకూ హాని లేదు. సూది వేసిన వారంలోపు పశువు చనిపోతే బయట పడేయకుండా ఆరడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

ప్రశ్న: బండి ఎద్దుకు మెడ మీద పుండు మానడం లేదు. నల్ల ఆయిల్ రాస్తున్నాం. కాడికి గుడ్డలు చుట్టాం. పని మాన్పించే పరిస్థితి లేదు.
(ఎమ్మిగనూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పని మాన్పించకుండా మాన్పే మందు లేదండీ. మెడతోలు కింద చితికిన కండ మళ్లీ గట్టిపడటానికి వారాలు పడుతుంది. పైన పొక్కు కట్టగానే కాడి వేస్తే లోపల చీము దాక్కుంటుంది. జత ఎద్దును అద్దెకు తెచ్చుకునే ఖర్చు, మెడ కుళ్లిన ఎద్దును సంతలో వచ్చిన ధరకు అమ్ముకునే నష్టంకన్నా తక్కువే.

ఇంజన్ ఆయిల్ ఆపండి. అందులోని లోహపు రజను, మసి పుండులో కూరుకుపోతాయి. లేత గులాబి రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, అద్ది ఆరబెట్టి, పోవిడోన్ అయోడిన్ రాయండి. ఈగలకు వేపనూనె పుండు అంచున పూయండి, లోపల కాదు. ఇంకా పగలని వాపైతే మొదటి రెండు రోజులు చన్నీళ్ల గుడ్డ, ఆ తరువాత ఎప్సమ్ ఉప్పు కలిపిన వేడినీళ్ల కాపడం. మెత్తగా కదులుతుంటే డాక్టరే కోయాలి. ఇంట్లో బ్లేడు పెట్టొద్దు.

పుండు ఎక్కడ పుట్టిందో చూస్తే కారణం దొరుకుతుంది. మెడ పైభాగంలో ఉంటే బండి ముందుబరువు. గొంతు కింద పలుపు ఒరిసిన చోట ఉంటే వెనకబరువు, కాడి పైకి లేస్తోంది. బరువు ఎక్కించాక ఎద్దులు కట్టకముందు కాడిని ఎత్తి చూడండి. ఒక మనిషి తేలిగ్గా ఎత్తగలిగితే సరి. రెండు ఎద్దుల్లో ఒకటి పొట్టిదైతే బరువు సమంగా పడదు, మెడ పుండుకు అదీ కారణమే. ఆ జత మార్చాల్సిందే. గుడ్డల సంగతి: చెమటకు తడిసి, ఎండకు ఎండి, నాలుగు రోజుల్లో గరుకుకాగితం అవుతాయి. దానికన్నా కాడి కింది అంచును మెడ వెడల్పుకు తగ్గట్టు గుండ్రంగా చెక్కించి, నునుపు చేసి, ఆముదం పట్టించడం మేలు.

1965 నాటి నిబంధనల ప్రకారం బండి పశువును రోజుకు 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టనే కూడదు. మేకు దిగ్గొట్టిన ములుగర్ర వాడటమూ నేరమే.

ప్రశ్న: కోసిన జొన్న మోళ్లు వానకు మళ్లీ చిగిర్చాయి. అందులో మేసిన రెండు పడ్డలు అరగంటలో పడిపోయి చచ్చాయి. పాము కరిచిందన్నారు.
(నారాయణఖేడ్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: రెండూ ఒకేసారి, మేస్తూ మేస్తూ పడ్డాయంటే పాముకన్నా ముందు నామును, అంటే జొన్న విషాన్ని, అనుమానించాలి. లేత జొన్నలో, అందులోనూ మోడు చిగురులో, సైనైడుగా మారే పదార్థం ఉంటుంది. ఆకు నలిగి పొట్టలో పడగానే విషం విడుదలవుతుంది. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. అందుకే కంటిపొర, చిగుళ్లు నీలంగా కాక ఎర్రగా మెరుస్తాయి. ఊపిరి ఎగరడం, తూలడం, నురగ, కొట్టుకోవడం, అంతే. విరుగుడు ఉంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కించాలి. కానీ డాక్టరు నిమిషాల్లో రావాలి. నడిపించుకుని ఆస్పత్రికి తోలితే దారిలోనే పోతుంది. ఉన్నచోటే నీడలో ఉంచి ఫోను చేయండి. మిగతా మందను ముందు చేను బయటికి తోలండి, మేకలతో సహా.

మోకాలెత్తు లోపు జొన్న, వాన లేక వాడిన జొన్న, యూరియా ఎక్కువ పడిన జొన్న, మోడు చిగురు, ఈ నాలుగూ ప్రమాదం. పూత దాటాక, నీరందిన పైరైతే నిర్భయంగా కోయొచ్చు. బాగా ఎండబెడితే విషం చాలా మటుకు తగ్గుతుంది. కానీ పొద్దున కోసి సాయంత్రానికి వాడిన మేతను ఎండినదనుకోవద్దు. దారిలో జొన్నచేను తప్పకపోతే ఇంటి దగ్గరే కడుపునిండా ఎండుగడ్డి వేసి తోలండి. ఆకలి మీద ఉన్న పశువు ఆబగా మేస్తుంది, ఆబగా మేసిందే ముందు పడుతుంది.

ప్రశ్న: ఎండకు పిట్టలు డాబా మీద పడిపోతున్నాయి. నోట్లో నీళ్లు పోయవచ్చా?
(హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పోయొద్దు. నాలుక వెనకే శ్వాసనాళం ద్వారం ఉంటుంది. నాలుగు చుక్కలు చాలు, ఊపిరి ఆగడానికి. చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో నీడన, చప్పుడు లేని చోట ఉంచి, పక్కన మూతలో నీళ్లు పెట్టండి. తేరుకుంటే తానే తాగుతుంది. మామూలు రోజుల్లో రెండంగుళాల లోతు మట్టిమూకుడు, మధ్యలో ఒక రాయి, రోజూ కడగడం. కడగని మూకుడు పెట్టకపోవడమే నయం, ఒక పిట్ట రోగం అన్నిటికీ అంటుతుంది.

ప్రశ్న: అడవిపందులు వేరుశనగ తవ్వేస్తున్నాయి. పక్క రైతు మోటారు నుంచి తీగ లాగి కరెంటు పెట్టాడు. నేనూ పెట్టనా?
(కదిరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు, పక్కాయన తీగ సంగతి కూడా ఇవాళే కరెంటు ఆఫీసుకు చెప్పండి. మోటారు కరెంటు ఆగకుండా పారుతుంది, తగిలిన కండను బిగించి పట్టేస్తుంది. పందే కాదు, నీళ్లు కట్టడానికి వెళ్లిన కూలీ అయినా, తెల్లవారుజామున మరిచిపోయి వెళ్లిన పొలం ఆసామి అయినా అంతే. మనిషి పోతే నరహత్య కేసు, అడవి జంతువు పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు దాకా పోవచ్చు. క్లచ్చి తీగ ఉచ్చుల్లో కుక్కలు, చిరుతలు పడి రోజుల తరబడి నలుగుతాయి. నాటుబాంబు ఎరను పందికన్నా ముందు ఆవు కొరికిన సందర్భాలు తక్కువేం కాదు. దవడ పగిలిన ఆవు చావడానికి వారం పడుతుంది.

సోలారు కంచె వేరే యంత్రం. 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాని పెట్టె సెకనుకో దెబ్బ చొప్పున వేల వోల్టులు వదులుతుంది. కానీ ఒక్కో దెబ్బ సెకనులో వెయ్యోవంతు మాత్రమే ఉంటుంది. జంతువు అదిరి వెనక్కి దూకుతుంది, చావదు. అయితే చాలామంది పశువుల కొలతకు తీగలు కట్టి, పంది ఆగలేదంటారు. పంది దూకదు, ముట్టెతో కింద నుంచి తోస్తుంది. అందుకే మొదటి తీగ నేలకు 6 నుంచి 8 అంగుళాల్లో, రెండోది 15 అంగుళాల్లో, మూడోది రెండున్నర అడుగుల్లో ఉండాలి. కింది తీగకు గడ్డి తగిలితే కరెంటంతా నేలలోకి కారిపోతుంది, వారానికోసారి చెక్కాలి. ఎర్తు కడ్డీలు మూడు, ఒక్కోటి ఆరడుగులు, పదేసి అడుగుల ఎడం. మీ ఎర్రనేల ఎండాకాలంలో ఎండి బిగిస్తే ఎర్తు పనిచేయదు. ఆ కడ్డీల మొదట్లో వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. టెస్టరుతో కంచె చివరి మూల చూస్తే 4000 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే పెట్టె చెడిందని కంపెనీకి ఫోను చేసే ముందు గడ్డి, ఎర్తు చూడండి. వాటితో సరిపోకపోతే ఈ వానాకాలం చేను చుట్టూ ముళ్ల కుసుమ నాలుగు వరుసలు దట్టంగా వేయండి. ముట్టెకు ముల్లు గుచ్చుకున్న పంది ఆ వైపు తిరిగి రావడానికి జంకుతుంది.